పైపు గ్యాస్ పొదుపు: చట్టం దగ్గర మొదలుపెట్టి మీటర్ దగ్గర లెక్క తేల్చడం

పైపు గ్యాస్ వాడే అపార్ట్‌మెంట్ సంఘమైనా, హాస్టల్ మెస్ అయినా గ్యాస్ పొదుపు అనగానే ముందు ఒక పోస్టర్ అంటిస్తారు. మూత పెట్టి వండండి, విజిల్ రాగానే సిమ్‌లో పెట్టండి అని రాస్తారు. రెండు నెలల్లో పోస్టర్ చిరిగిపోతుంది, బిల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దీనికి వండేవాళ్ల అశ్రద్ధను తప్పుపట్టడం న్యాయం కాదు. ఒక యూనిట్ గ్యాస్ మిగిలితే లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్నది ప్రభుత్వ విధానం తేలుస్తుంది. అది తెలియకుండా నడిపే కార్యక్రమానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలో, ఎవరిని అడగాలో, ఎక్కడ అడ్డు పడుతుందో అర్థం కాదు. అందుకే ఈ పద్ధతి చట్టం దగ్గర మొదలై, స్టవ్ మీదుగా వెళ్లి, మీటర్ దగ్గర ముగుస్తుంది.

మొదటి పని: కంపెనీ దేని మీద బతుకుతోందో చూడండి

నగరాల్లో గ్యాస్ పంపిణీకి 2006 నాటి పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి చట్టం ఆధారం. ఏ ప్రాంతంలో ఏ కంపెనీ పైపులు వేయాలో ఆ మండలి అనుమతిస్తుంది. హైదరాబాద్‌లో ఆ పని భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్‌ది. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి పెట్టిన సంస్థ అది. అనుమతితో పాటు కంపెనీలకు కనీస పని లక్ష్యాలు పెడతారు: ఇన్ని ఇళ్లకు కనెక్షన్లు, ఇన్ని సీఎన్‌జీ స్టేషన్లు, ఇన్ని అంగుళ కిలోమీటర్ల (పైపు వ్యాసం అంగుళాల్లో, పొడవు కిలోమీటర్లలో పెట్టి గుణించిన లెక్క) స్టీలు పైపు. దేశం మొత్తం మీద 2034 నాటికి 12 కోట్లకు పైగా ఇళ్లకు పైపు గ్యాస్ చేరాలన్నది ఆ లక్ష్యాల మొత్తం. వీటిలో ఎక్కడా ఇంత గ్యాస్ ఆదా చేయించాలి అనే అంకె లేదు. లక్ష్యం అంతా విస్తరణ మీదే ఉంది కాబట్టి కంపెనీ మనుషులు, డబ్బు, యాప్, కాల్ సెంటర్ అన్నీ కొత్త కనెక్షన్ల వైపే తిరిగి ఉంటాయి.

దీనికి తోడు కేటాయింపు పద్ధతి ఒకటుంది. దేశంలో పాత బావుల నుంచి నియంత్రిత ధరకు వచ్చే గ్యాస్‌లో ఇళ్ల వంటకు, సీఎన్‌జీకి 2014 నుంచి పెద్దపీట వేశారు. 2024 అక్టోబరులో ఆ గ్యాస్ చాలక కోత పెట్టినప్పుడు కూడా దెబ్బ సీఎన్‌జీ మీద పడింది, వంటింటి వాటాను కాపాడారు. అయితే ఏ కంపెనీకి ఎంత అన్నది గతంలో ఎంత వాడారో చూసి నిర్ణయిస్తారు. ఇళ్లు తక్కువ వాడితే తర్వాతి కేటాయింపు కూడా తగ్గుతుంది. ఆ మిగులును హోటల్‌కో ఫ్యాక్టరీకో ఎక్కువ ధరకు అమ్ముకునే వీలు కంపెనీకి ఉండదు. కాబట్టి మీ పొదుపు వల్ల కంపెనీకి వచ్చేది ఏమీ లేదు, పోయేది మాత్రం యూనిట్ మీద మార్జిన్. ఈ ఒక్క విషయం తెలిస్తే, కంపెనీ పొదుపు పోస్టర్ వేస్తుంది గానీ స్టవ్ మీద రాయితీ ఎందుకు ఇవ్వదో తేలిపోతుంది.

ఇది మారాలంటే ఏం చేయొచ్చో ఇతర దేశాల అనుభవం ఉంది. అమెరికాలో 1978 జాతీయ ఇంధన పొదుపు విధాన చట్టం పెద్ద గ్యాస్, కరెంటు కంపెనీలు రెండింటినీ ఇళ్లకు ఆడిట్ సేవ అందించమంది. ఉత్త సలహాతో ఆగిపోయినచోట జనం పెద్దగా ముందుకు రాలేదు. అదే ఏడాది కాలిఫోర్నియా గ్యాస్ కంపెనీల ఆదాయాన్ని అమ్మకాల నుంచి విడదీసింది. 2008లో మసాచుసెట్స్ ఇంకో అడుగు వేసి, కొత్త గ్యాస్ కొనడం కంటే చవకగా దొరికే పొదుపునంతా ముందు చేయించాలని చట్టం చేసింది. బ్రిటన్ 2002 నుంచి గ్యాస్, కరెంటు సరఫరాదారులకు నేరుగా పొదుపు కోటా పెట్టింది. కోటా తీర్చకపోతే జరిమానా.

ఆదాయాన్ని విడదీయడం అంటే ఏమిటో ఊహా లెక్కతో చూద్దాం. కంపెనీకి పైపులు, మనుషుల ఖర్చు ఏడాదికి 100 కోట్లు. 10 కోట్ల యూనిట్లు అమ్ముతుందని అనుకుని యూనిట్‌కు 10 రూపాయల మార్జిన్ పెట్టారు. జనం పొదుపు చేసి 9.5 కోట్ల యూనిట్లే వాడారు, ఆదాయంలో 5 కోట్ల రూపాయలు తక్కువ పడ్డాయి. విడదీసిన పద్ధతిలో ఆ 5 కోట్లను మరుసటి ఏడాది యూనిట్ మీద సుమారు 53 పైసలు వేసి రాబట్టుకోనిస్తారు. నెలకు 12 యూనిట్లు వాడే ఇల్లు 9కి తగ్గించిందనుకోండి. యూనిట్ 50 రూపాయలైతే 600 బిల్లు 455 దగ్గరికి వస్తుంది. ఏమీ తగ్గించని ఇల్లు 606 కడుతుంది. కంపెనీ నష్టపోదు, పొదుపు చేసినవాళ్లు బాగుపడతారు. తగ్గించే స్తోమత లేని పేదింటి మీద ఆ ఆరు రూపాయలు పడటమే ఈ పద్ధతిలో ఉన్న అసలు లోపం. అందుకే దీన్ని అమలు చేసేచోట తక్కువ ఆదాయ కుటుంబాలకు ఉచితంగా పరికరాలు ఇచ్చే భాగం తప్పనిసరిగా ఉండాలి.

మన దగ్గర గ్యాస్ కంపెనీల మీద కోటా పెట్టే అలవాటు లేదనుకోవడం పొరపాటు. 2025-26 నుంచి పైపు గ్యాస్, సీఎన్‌జీలో 1 శాతం కంప్రెస్డ్ బయోగ్యాస్ కలపాలని, అది 2026-27లో 3, తర్వాత 4, 2028-29 నుంచి 5 శాతం కావాలని కేంద్రం ప్రకటించింది. పొదుపుకు కూడా ఇదే అచ్చులో కోటా పెట్టొచ్చు. నియంత్రణ మండలి ముసాయిదాలు పెట్టినప్పుడు అడగాల్సిన మాట ఇదే.

బిల్లులో మీరు ఏ వర్గం

బిల్లు చేతిలోకి తీసుకుని మూడు చూడండి: వర్గం, యూనిట్ ధర, పన్ను. యూనిట్ అంటే ఒక ఎస్‌సీఎం, అంటే 15 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో ఒక ఘనపు మీటరు గ్యాస్. సుమారు 9,300 కిలోకేలరీల వేడి అందులో ఉంటుంది. 14.2 కిలోల సిలిండర్ వేడి లెక్కన దాదాపు 18 ఎస్‌సీఎంలకు సమానం. పాత సిలిండర్ ఖర్చుతో పోల్చేటప్పుడు ఈ 18 గుర్తుంచుకుంటే చాలు.

గృహ వర్గానికి వచ్చే నియంత్రిత గ్యాస్ ధర 2023 ఏప్రిల్ నుంచి ముడిచమురు బుట్ట ధరలో (మన దేశం కొనే ముడిచమురు రకాల సగటు ధరలో) 10 శాతంగా లెక్కిస్తున్నారు. కనిష్ఠం 4 డాలర్లు, గరిష్ఠం 6.5 డాలర్లు, పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు (ఇది వేడి కొలత, బిల్లులోని యూనిట్ కాదు). ఆ గరిష్ఠం 2025 ఏప్రిల్‌లో 6.75 అయింది. ఇది బావి దగ్గర ధర. రవాణా, పంపిణీ, పన్ను కలిశాక మీ బిల్లు ధర వస్తుంది, దాన్ని కంపెనీ నిర్ణయిస్తుంది. హోటళ్లు, ఫ్యాక్టరీలకు ఈ రక్షణ లేదు. వాళ్ల ధర దిగుమతి ఎల్ఎన్‌జీ (ద్రవంగా మార్చి తెచ్చే సహజవాయువు), మార్కెట్ ఒప్పందాల మీద ఆడుతుంది. అందువల్ల అదే ఒక యూనిట్ పొదుపు మెస్‌లో ఇచ్చే డబ్బు ఇంట్లో ఇవ్వదు. సంఘం దగ్గర డబ్బు తక్కువ ఉంటే ముందు క్లబ్‌హౌస్ వంటగదిలో ఖర్చు పెట్టడం మేలు.

సహజవాయువు జీఎస్‌టీ కిందికి రాదు, రాష్ట్ర వ్యాట్ పడుతుంది. వ్యాపారులకు దీని అర్థం ఏమిటంటే, గ్యాస్ మీద కట్టిన పన్నును జీఎస్‌టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకోలేరు. పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుందో లెక్కించేటప్పుడు వ్యాట్ కలిపిన ధరే వాడండి.

మీటర్ దగ్గర రెండు పరీక్షలు

మొదటిది లీకు. రాత్రి వంట అయ్యాక బర్నర్ నాబ్‌లన్నీ ఆపి, మీటర్ మీద ఎరుపు రంగు అంకెలతో సహా ఫోటో తీయండి. ఎరుపు అంకెల్లో చివరిది లీటర్లు. తెల్లవారి స్టవ్ వెలిగించే ముందు మళ్లీ ఫోటో. అంకె కదిలితే లీకు ఉన్నట్టే. కదలకపోయినా పూర్తిగా నిశ్చింతగా ఉండకండి: ఇళ్లలో బిగించే జీ 1.6 రకం మీటర్ గంటకు 16 లీటర్ల నుంచి పైకి కచ్చితంగా కొలుస్తుంది, అంతకంటే సన్నని లీకును తక్కువగా చూపొచ్చు, అసలు చూపకపోవచ్చు. కాబట్టి కీళ్ల దగ్గర, రబ్బరు గొట్టం రెండు చివర్లలో, నాబ్‌ల వెనక సబ్బు నురగ రాసి బుడగలు చూడాలి. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకూడదు. వాసన వస్తే మీటర్ దగ్గరి వాల్వ్ మూసి, కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టకుండా బయటికొచ్చి బిల్లు మీది అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. ఎల్‌పీజీ నేల మీద పరుచుకుంటుంది, ఈ గ్యాస్ పైకి లేస్తుంది. పైన వెంటిలేటర్‌కు అట్ట కట్టేసిన వంటగది పైపు గ్యాస్‌కు పనికిరాదు.

రెండోది స్టవ్ సామర్థ్యం. ఏ ఇంట్లో స్టవ్ మార్చాలో ఈ పరీక్షే చెబుతుంది.

చదునైన అడుగున్న అల్యూమినియం గిన్నె, సుమారు 600 గ్రాములది, తీసుకోండి. అందులో 3 లీటర్ల నీళ్లు పోయండి. థర్మామీటర్ పెట్టి ఉష్ణోగ్రత రాసుకోండి, 30 డిగ్రీలు అనుకుందాం. మీటర్ చూసి, మూత పెట్టి, పెద్ద బర్నర్ పూర్తి మంట మీద 90 డిగ్రీలకు రానివ్వండి. మధ్యలో ఒకసారి కలపాలి, లేకపోతే పైనీళ్లే వేడిగా చూపిస్తాయి. 90 రాగానే ఆపి మీటర్ మళ్లీ చూడండి. ఆ సమయంలో ఇంట్లో వేరే బర్నర్ గానీ గ్యాస్ గీజర్ గానీ వెలగకూడదు.

నీళ్లకు 180, గిన్నెకు 8, మొత్తం 188 కిలోకేలరీలు చేరాయి. 37 లీటర్ల గ్యాస్ దగ్గర ఆగితే సామర్థ్యం సుమారు 55 శాతం. 50 లీటర్లు దాటితే 40 శాతమే. ఇక్కడ హైదరాబాద్‌కు ప్రత్యేకమైన మెలిక ఒకటుంది. ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం 950 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది, గ్యాస్ కూడా 30 డిగ్రీల వేడిలో పలచబడుతుంది. మీటర్‌లో తిరిగిన ఒక లీటరులో నిజానికి ప్రామాణిక లీటరు కంటే 9 శాతం దాకా తక్కువ వేడి ఉంటుంది. అందువల్ల మీ పరీక్షలో వచ్చే శాతాన్ని కంపెనీ కాగితం మీది శాతంతో పోల్చకండి. ఒకే ఊళ్లో, ఒకే గిన్నెతో, ఒక స్టవ్‌ను ఇంకో స్టవ్‌తో పోల్చడానికి మాత్రం ఇది చక్కగా సరిపోతుంది.

స్టవ్: అసలు పొదుపు ఇక్కడే

చాలా ఇళ్లలో పైపు వచ్చిన రోజు ఎల్‌పీజీ స్టవ్‌కే నాజిల్ మార్చి వాడటం మొదలుపెడతారు. ఎల్‌పీజీ దాదాపు 30 మిల్లీబార్ల పీడనంతో, పైపు గ్యాస్ 21 మిల్లీబార్లతో స్టవ్‌కు చేరుతుంది. పైగా ఘనపు మీటరుకు ఎల్‌పీజీలో ఉండే వేడి రెండున్నర రెట్లకు పైనే. అందుకే నాజిల్ రంధ్రం పెద్దది కావాలి. రంధ్రం మారుతుంది గానీ బర్నర్ తల, గాలి కలిసే గొట్టం, గిన్నె ఆనే పాన్ సపోర్ట్ ఎత్తు ఎల్‌పీజీ లెక్కలోనే ఉండిపోతాయి. మంట గిన్నె అడుగున పరుచుకోకుండా పక్కల నుంచి పైకి పారిపోతుంది. ఇలా మార్చిన స్టవ్‌లు 40 శాతం దగ్గర పనిచేస్తాయని, పైపు గ్యాస్ కోసమే తయారైనవి 55 శాతం దాటుతాయని పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం, అంటే పీసీఆర్‌ఏ, డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియంతో కలిసి చేసిన పనిలో తేలింది. 40 నుంచి 55కు వెళ్తే గ్యాస్ నాలుగో వంతుకు పైగా మిగులుతుంది. ఏ పోస్టరూ ఇంత మిగల్చలేదు.

కొనేటప్పుడు స్టవ్ మీద ఐఎస్ 17153 ఉందా చూడండి. అది పైపు గ్యాస్ స్టవ్‌ల ప్రమాణం. ఐఎస్ 4246 ఎల్‌పీజీ స్టవ్‌లది, అందులో కనీస సామర్థ్యం 68 శాతం. షాపులో ఆ 68 చూపించి పైపు గ్యాస్‌కూ అంతే వస్తుందంటే నమ్మొద్దు.

కొత్త స్టవ్ కొనే స్తోమత లేకపోతే పాతదాన్నే సరిదిద్దుకోవచ్చు. మంట రంగు చూడండి:

- నీలంగా, కోన్‌లు నిలకడగా ఉంటే బాగుంది.
- కొసలు పసుపు పచ్చగా ఉండి గిన్నె అడుగు మసి పడితే గాలి తక్కువైంది. నాజిల్ దగ్గరి గాలి షట్టర్ కొద్దిగా తెరవాలి, బర్నర్ రంధ్రాల్లో పొంగిన పాలు, నూనె జిడ్డు తీయాలి.
- మంట బర్నర్ నుంచి లేచి బుస్సుమంటే గాలి ఎక్కువైంది, షట్టర్ కొంచెం మూయాలి.
- వెలిగించగానే టప్‌మని లోపలికి పోతే నాజిల్ సైజు తప్పు గానీ బర్నర్ తల సరిగ్గా కూర్చోలేదు గానీ.

నాజిల్‌ను సూదితోనో తీగతోనో పొడిచి పెద్దది చేసే మెకానిక్‌ను పంపించేయండి. రంధ్రం వంకరైతే మంట ఎన్నటికీ కుదరదు, కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. మీటర్, రెగ్యులేటర్, గోడ పైపు జోలికి మీరు వెళ్లకూడదు, అది కంపెనీ పని. గొట్టం మీద తయారీ సంవత్సరం ఉంటుంది, అయిదేళ్లు దాటితే మార్చండి.

వంటలో ఎక్కడ పోతోంది

నీళ్లు మరగడం మొదలయ్యాక మంట పెంచితే వంట తొందరగా కాదు. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఆపైన ఇచ్చిన వేడంతా ఆవిరి. ఒక లీటరు నీళ్లు ఆవిరిగా పోవడానికి 540 కిలోకేలరీలు కావాలి. 40 శాతం స్టవ్ మీద అది 145 లీటర్ల గ్యాస్. ఎసరు మీద మూత లేకపోతే పోయేది ఇదే. కుక్కర్‌లో బరువు లేచాక లోపల 120 డిగ్రీలు నిలిచిపోతుంది. ఆ తర్వాత పెద్ద మంట మీద వచ్చే ప్రతి విజిల్ గాలికి పోయే గ్యాసే. మొదటి విజిల్‌కు చిన్న బర్నర్‌కు మార్చి నిమిషాలతో లెక్కపెట్టడం అలవాటు చేసుకోవాలి. కందిపప్పు అరగంట నానితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది, శనగలు, రాజ్మా రాత్రంతా నానాలి.

దమ్ బిర్యానీలో అంచుకు పిండి అద్ది మూత బిగిస్తారు కదా, ఆవిరి నిలబెట్టడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. ఆవిరి పట్టాక కింద పెనం పెట్టి అతి సన్నని మంట చాలు. చాలామంది ఆ సమయంలోనూ పెద్ద బర్నర్ వాడతారు. పెద్ద బర్నర్ సిమ్ కూడా చిన్న బర్నర్ సిమ్ కంటే ఎక్కువే తాగుతుంది.

గ్యాస్ గీజర్ ఉన్న ఇంట్లో లెక్క వేరుగా రాయాలి. 15 లీటర్ల బకెట్‌ను 22 నుంచి 42 డిగ్రీలకు తేవడానికి సుమారు 40 లీటర్ల గ్యాస్ పోతుంది. నలుగురి స్నానాలు రోజుకు 160 లీటర్లు. డాబా మీద సోలార్ హీటర్ ఉంటే గీజర్‌ను దాని తర్వాత వరసలో పెట్టండి. గీజర్ స్నానాల గదిలో బిగించడం ప్రాణాలతో చెలగాటం, గాలి ఆడే బయటి గోడ మీదే ఉండాలి.

మెస్‌లు, టీ కొట్లు, హోటళ్లు

అమీర్‌పేట హాస్టల్ మెస్ లాంటిచోట గ్యాస్ పోయేది బర్నర్లు ఖాళీగా వెలగడంలో. వంట మాస్టర్‌కు ఆపి వెలిగించడం ఇబ్బంది, అందుకే దించిన డేక్సాకూ ఎక్కించే డేక్సాకూ మధ్య పది నిమిషాలు మంట అలాగే ఉంటుంది. పైలట్ మంట (ఎప్పుడూ వెలిగే చిన్న మంట), మోకాలి లీవర్ ఉన్న బర్నర్ పెడితే డేక్సా దించగానే మంట తగ్గుతుంది. చాయ్ డేక్సా ఇంకో చోటు. గంటకు ఒక లీటరు ఆవిరయ్యేలా పన్నెండు గంటలు తెరిచి మరిగిస్తే రోజుకు 1.7 ఎస్‌సీఎం, నెలకు 50కి పైగా పోతుంది. డికాషన్‌కు మూత, నిల్వకు ఇన్సులేటెడ్ పాత్ర పెట్టాలి. పెద్ద పొయ్యి చుట్టూ స్టీలు తొడుగు, గిన్నె అడుగుకు సరిపడే బర్నర్ పెట్టాలి. మంట గిన్నె అంచు దాటి కనపడితే ఆ భాగం గది వేడెక్కడానికే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ నేరుగా మంట మీది గాలిని లాగితే కూడా సామర్థ్యం పడిపోతుంది. ఫ్యాన్ ఆపడం పరిష్కారం కాదు, హుడ్ ఎత్తు, స్థానం సరిచేయాలి.

ఫ్యాక్టరీ: ముందు ఒప్పందం, తర్వాత బాయిలర్

2001 ఇంధన పొదుపు చట్టం కింద పెద్ద పరిశ్రమలను నిర్దేశిత వినియోగదారులుగా గుర్తించి, 2012 నుంచి పాట్ పథకంలో (లక్ష్యం దాటి పొదుపు చేసినవాళ్లకు అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేది) లక్ష్యాలు పెట్టారు. 2022 సవరణ తర్వాత కార్బన్ క్రెడిట్ పథకం వచ్చింది. కానీ పరిమితులు పెద్దవి: బట్టల మిల్లుకు ఏడాదికి 3,000 టన్నుల చమురుకు సమానమైన ఇంధనం. జీడిమెట్ల, బాలానగర్‌లలో ఉండే చిన్న యూనిట్లలో ఎక్కువ ఇంత దూరం రావు. కాబట్టి ఆడిట్ చేయించమని ఎవరూ మీ తలుపు తట్టరు, మీరే చేయించుకోవాలి. బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) గుర్తింపు ఉన్న ఆడిటర్‌ను పెట్టుకోండి. తెలంగాణలో ఈ చట్టం అమలు చూసేది టీజీరెడ్కో, అంటే రాష్ట్ర పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ.

ఆడిటర్‌ను పిలిచే ముందు గ్యాస్ సరఫరా ఒప్పందం తీసి కనీస కొనుగోలు నిబంధన చదవండి. రోజుకు 1,000 ఎస్‌సీఎం ఒప్పందం, 90 శాతం కనీసం అనుకుందాం. మీరు 15 శాతం పొదుపు చేసి 850 వాడినా 900కు డబ్బు కట్టాలి. రోజుకు 50 ఎస్‌సీఎంల పొదుపు మీ జేబులోకి రాదు. బాగా చేసిన పొదుపు పనులు ఏడాది పాటు లాభం చూపకపోవడానికి ఈ నిబంధనే కారణం అవుతుంటుంది. ఒప్పందం పునరుద్ధరణ తేదీకి రెండు మూడు నెలల ముందు పరికరం బిగించి, నిజమైన కొత్త వాడకం చూసుకుని, ఆ అంకె మీద రోజువారీ పరిమాణం తగ్గించి సంతకం చేయండి.

బాయిలర్ అమ్మేవాళ్లు చెప్పే శాతంలో ఇంకో మెలిక. 92 శాతం అన్నది చాలాసార్లు నికర వేడి విలువ మీద, అంటే పొగలోని నీటి ఆవిరితో పోయే వేడిని లెక్కలోకి తీసుకోకుండా. మీకు బిల్లు పడేది ఆ వేడి కూడా కలిపిన స్థూల విలువ మీద. సహజవాయువులో రెండింటికీ 10 శాతం తేడా ఉంటుంది, కాబట్టి మీ డబ్బు లెక్కన అది 83 శాతం. ఏ విలువ మీద చెబుతున్నారో కొటేషన్‌లో రాయించుకోండి.

పొగగొట్టంలో ఆక్సిజన్ పూర్తి లోడ్ మీద 2 నుంచి 3 శాతం దగ్గర ఉండాలి. 6, 7 కనిపిస్తే అనవసరపు గాలిని వేడి చేసి బయటికి పంపుతున్నట్టే. పొగ ఉష్ణోగ్రత 22 డిగ్రీలు తగ్గించినప్పుడల్లా సుమారు 1 శాతం, బాయిలర్‌లోకి పంపే ఫీడ్ నీళ్ల వేడి 6 డిగ్రీలు పెంచినప్పుడల్లా ఇంకో 1 శాతం ఇంధనం మిగులుతుంది. కండెన్సేట్ (వాడిన ఆవిరి చల్లబడి మారిన వేడి నీరు) తిరిగి ట్యాంకుకు తెచ్చే పైపు వేస్తే రెండోది చాలా సులువుగా వస్తుంది. పొగను 55 డిగ్రీల కిందికి చల్లబరిచి ఆవిరిలోని వేడినీ లాగాలనుకుంటే, పొగ వేడితో నీళ్లు వేడి చేసే ఎకనమైజర్ స్టెయిన్‌లెస్ స్టీల్‌దే కావాలి. అక్కడ కారే నీరు ఆమ్లం, మామూలు ఇనుమును కొద్దికాలంలోనే తినేస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో కార్యక్రమం నడిపే తీరు

గడిచిన 12 నెలల బిల్లులు తీసుకుని, ఒక్కో బిల్లు యూనిట్లను ఆ బిల్లు రోజులతో భాగించండి. నెలల మొత్తాలు మోసం చేస్తాయి, రీడింగ్ ఒకసారి 58 రోజులకు, ఒకసారి 66 రోజులకు తీస్తారు. సంక్రాంతికి ఊరెళ్లిన ఇళ్లు, రంజాన్ నెలలో వంట వేళలు, కొత్తగా చేరిన అద్దెవాళ్లు, ఇవన్నీ పక్కన గుర్తుపెట్టండి.

తర్వాత అందరికీ ఒకేసారి స్టవ్‌లు ఇప్పించకండి. ‘ఏ’ బ్లాక్‌కు ముందు, ‘బి’ బ్లాక్‌కు ఆరు నెలల తర్వాత. ‘ఏ’ బ్లాక్‌లో ఇంటి సగటు రోజుకు 0.42 యూనిట్ల నుంచి 0.33కు వచ్చింది, అదే కాలంలో బి బ్లాక్ ఏమీ చేయకుండానే 0.41 నుంచి 0.40కు వచ్చింది అనుకోండి. స్టవ్ తెచ్చిన పొదుపు 0.09 కాదు, 0.08. దాదాపు 19 శాతం. 40 శాతం స్టవ్ నుంచి 55 శాతానికి మారితే లెక్కలో 27 శాతం రావాల్సింది 19 ఎందుకొచ్చిందని కొందరు డీలా పడతారు. కొన్ని ఇళ్లు అప్పటికే మంచి స్టవ్ వాడుతూ ఉంటాయి, కొన్ని ఇళ్లలో గీజర్ వాటా పెద్దది, ఇంకొందరు గ్యాస్ మిగులుతోందని నీళ్లు ఎక్కువ కాచుకుంటారు. అమెరికా కార్యక్రమాల్లో కూడా రాయితీ లేకపోయినా కొనేవాళ్లను విడిగా తీసేసి లెక్కగడతారు. మీరూ స్టవ్ ఇచ్చే ముందే ఒక ప్రశ్న అడిగి రాసిపెట్టుకోండి: ఈ ఏడాది మీరే కొనాలనుకున్నారా?

డబ్బు సంఘం నిధి నుంచి అప్పుగా ఇచ్చి, మెయింటెనెన్స్‌తో పాటు వాయిదాల్లో వసూలు చేయడం మంచి పద్ధతి. స్టవ్ 3,000, పొదుపు నెలకు 3 యూనిట్లు, యూనిట్ 50 రూపాయలు అనుకుంటే 150 చొప్పున 20 నెలల్లో తీరుతుంది. వాయిదా కూడా 150కి మించకుండా పెట్టండి, అప్పుడు ఇంటివాళ్లకు నెల ఖర్చు పెరగదు. అద్దె ఇళ్లలో యజమాని స్టవ్ కొనడు, అద్దెవాళ్లు రెండేళ్లు ఉంటారో లేదో తెలియదు. అక్కడ స్టవ్ సంఘం పేరు మీదే ఉంచి, ఇల్లు మారితే తర్వాతి వాళ్ల నుంచి వాయిదా కొనసాగించాలి.

ఆరు నెలల అంకెలు చేతికొచ్చాక గ్యాస్ కంపెనీకి ఉత్తరం రాయండి. రెండే అడగండి: బిల్లులో నిరుటి ఇదే కాలం రోజువారీ వాడకం అచ్చు వేయాలి, ఐఎస్ 17153 స్టవ్‌ను బిల్లు వాయిదాల్లో ఇచ్చే ఏర్పాటు చేయాలి. మొదటిదానికి కంపెనీకి ఖర్చు దాదాపు ఉండదు. రెండోదాని దగ్గర మార్జిన్ పోతుందనే అడ్డు వస్తుంది, అందుకే అదే ఉత్తరం నకలుకు మీ రెండు బ్లాకుల పట్టిక జతచేసి నియంత్రణ మండలికి పంపండి. బయోగ్యాస్ కోటాలా పొదుపు కోటా, దానితో పాటు తగ్గిన అమ్మకాల మార్జిన్ భర్తీ, పేద కుటుంబాలకు ఉచిత స్టవ్ భాగం, మూడూ ఒకే పేజీలో అడగండి. పట్టికలో ఇళ్ల నంబర్లు తీసేసి ఇంటికో వరస సంఖ్య వేయండి, మీటర్ ఫోటోలు మాత్రం సంఘం దగ్గర భద్రంగా ఉంచుకోండి. ఎవరైనా సరిచూస్తామంటే చూపించాల్సింది అవే.